ఎఫ్‌ఎస్‌ఎక్స్ యాడ్‌ఆన్‌లు 2020 సిమ్‌లో పనిచేస్తాయా, చేయవా?

బేగంపేట_రన్‌వే:
అన్నలూ, ఒక డౌటు. ఎఫ్‌ఎస్‌ఎక్స్ (పాత ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్ గేమ్) కోసం ఎప్పుడో కొన్న జెట్ విమానం యాడ్‌ఆన్‌ని మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2020 యాడ్‌ఆన్‌లు పెట్టే కమ్యూనిటీ ఫోల్డర్‌లో వేసి, మ్యానిఫెస్ట్, లేఅవుట్ ఫైళ్లు నేనే రాసుకున్నా. మెనూలో కనిపించింది. శంషాబాద్ నుంచి లేచింది కూడా. మరి పాతవి పనిచేయవని అందరూ ఎందుకంటారు?

రాత్రిడ్యూటీ:
లేవడం వేరు, పనిచేయడం వేరు. ఎఫ్‌ఎస్‌ఎక్స్ 32-బిట్ ప్రోగ్రాం. అప్పటి పెద్ద విమానాల గేజ్‌లు, అంటే కాక్‌పిట్‌లో మీటర్లు, ఎక్కువగా 32-బిట్ డీఎల్‌ఎల్ (ప్రోగ్రాం కోడ్) ఫైళ్లే. 2020 సిమ్ 64-బిట్, వాటిని అస్సలు లోడ్ చేయదు. ప్రిపేర్‌త్రీడీ అనే ఇంకో సిమ్ 2017లో వెర్షన్ 4తో 64-బిట్‌కి మారినప్పుడూ ఇదే గొడవ అయింది.

బేగంపేట_రన్‌వే:
నా ఆల్టిమీటర్ తిరుగుతోంది.

రాత్రిడ్యూటీ:
అది డీఎల్‌ఎల్ కాకుండా ఎక్స్‌ఎంఎల్ టెక్స్ట్‌లో రాసిన గేజ్ అయ్యుంటుంది, అలాంటివి కొన్ని నడుస్తాయి. ఎఫ్‌ఎంసీ (రూటు లెక్కలు చూసే కాక్‌పిట్ కంప్యూటర్) స్క్రీన్ వెలిగిందా?

బేగంపేట_రన్‌వే:
ఆల్టిమీటర్ తిరుగుతోందా లేదా, ముందు అది ఒప్పుకోండి.

కూకట్‌పల్లి_కుర్రాడు:
అన్నా, 2014లో వచ్చిన ఎఫ్‌ఎస్‌ఎక్స్ స్టీమ్ ఎడిషన్ పెట్టుకో. అదీ 32-బిట్టే. ఇన్‌స్టాలర్‌కి ఫోల్డర్ ఎక్కడుందో చూపిస్తే చాలు, నా పాతవి చాలావరకు ఎక్కాయి.

రాత్రిడ్యూటీ:
ఎఫ్‌ఎంసీ గురించి ఇంకా చెప్పలేదు మీరు.

బేగంపేట_రన్‌వే:
వెలగలేదు! నల్లగా ఉంది, సరేనా? 2015లో మొదటి జీతంతో కొన్నానండి ఆ విమానం, ఇంట్లో తిట్లు తిని మరీ. ఇప్పుడు కొత్త సిమ్‌కి మళ్లీ పూర్తి ధర కట్టమంటున్నారు, పాత బిల్లు చూపించినా రూపాయి తగ్గించలేదు. లోపల రెండు ఫైళ్లు మార్చడానికి అంత డబ్బా?

రాత్రిడ్యూటీ:
రెండు ఫైళ్లా! గేజ్ కోడంతా కొత్తగా రాయాలి, మోడల్‌ని జీఎల్‌టీఎఫ్ అనే కొత్త త్రీడీ ఫార్మాట్‌లోకి మార్చాలి, టెక్స్‌చర్లు మళ్లీ చేయాలి. మీలాంటి వాళ్ల మాటల వల్లే చేసేవాడి పనికి విలువ లేకుండా పోతోంది. ఎఫ్‌ఎస్‌ఎక్స్ 2006లో వచ్చింది, శంషాబాద్ 2008 మార్చిలో తెరిచారు, అంటే సిమ్‌లో మన ఎయిర్‌పోర్టే లేదు. డ్యూటీ నుంచి వచ్చాక ఏడు నెలలు కూర్చుని టెర్మినల్ కట్టి ఫ్రీగా ఇచ్చాను. పోయినేడు ఎవరో దాన్ని మోడల్‌కన్వర్టర్‌ఎక్స్ అనే టూల్‌లో మార్చి 2020 కోసం వాళ్ల పేరుతో పెట్టుకున్నారు. నన్ను ఒక్క మాట అడగలేదు.

సికింద్రాబాద్_చెల్లి:
అన్నా, మీ ఇద్దరి గొడవ బిట్‌ల గురించి కాదు. ఒకసారి కొన్నది ఎన్నాళ్లు నాది అని ఒకరు, నేను చేసింది ఎవరిది అని ఇంకొకరు.

బేగంపేట_రన్‌వే:
ఒక్క నిమిషం. నేను వాడే శంషాబాద్ కూడా ఫ్రీగా దించుకున్నదే. అందులో ఎడమవైపు మూడో ఏరోబ్రిడ్జి నేలకి ఆనకుండా గాల్లో తేలుతూ ఉంటుంది. మీదేనా?

రాత్రిడ్యూటీ:
నాదే. ఎత్తు తప్పు వేశాను, అప్పట్లో సరిచేసే టైం దొరకలేదు. దాన్ని కూడా అలాగే ఎత్తుకెళ్లారన్నమాట.

బేగంపేట_రన్‌వే:
ఆ ఫోల్డర్ ఇప్పుడే తీసేస్తున్నా. మీరు 2020కి మళ్లీ చేస్తే చెప్పండి, డబ్బు పెట్టినా కొంటాను. విమానం విషయంలో మాత్రం నా మాట మారదు, పాతవాళ్లకి ధర తగ్గించాల్సిందే.

రాత్రిడ్యూటీ:
తగ్గించమనండి, తప్పులేదు. రెండు ఫైళ్లు అని మాత్రం అనకండి.