రిమోట్ ఇంటర్వ్యూలో స్క్రీన్ పక్కన చీటీలు అంటించుకుంటే తప్పా?

బ్రాడీపేట కుర్రాడు:
గురువారం ఒక అమెరికా కంపెనీతో వీడియోలో ఇంటర్వ్యూ. వాళ్ల ఈస్టర్న్ టైం ఉదయం 10, ఇప్పుడు సమ్మర్ టైం కాబట్టి మనకి రాత్రి 7:30, సరిగ్గా మా ఇంట్లో సీరియల్ మొదలయ్యే వేళ. ఆ సంగతి అమ్మతో తేల్చుకుంటాలెండి. అసలు గొడవ వేరే. ల్యాప్‌టాప్ చుట్టూ పసుపు చీటీలు అంటించాను, ప్రాజెక్టుల వివరాలు, "మీ గురించి చెప్పండి" అంటే చెప్పాల్సిన నాలుగు వాక్యాలు. అక్క చూసి ఇది కాపీ కొట్టడమే అంది. మీరేమంటారు?

కృష్ణలంక98:
కాపీ ఏముంది బ్రో. వాళ్లు మాత్రం నీ రెజ్యూమె, ప్రశ్నలు ముందు పెట్టుకుని కూర్చోరా? నేను ఐదు ఇంటర్వ్యూలు అలాగే ఇచ్చాను, ఎవరూ కనిపెట్టలేదు.

గవర్నర్‌పేట బాబాయ్:
కనిపెట్టలేదని నువ్వు అనుకుంటున్నావు. నేను అటువైపు కూర్చునేవాణ్ణి. కెమెరా పైన, చీటీ పక్కన, కళ్లేమో ఎడమ నుంచి కుడికి లైను లైనుగా కదులుతుంటే తెలియకపోవడానికి మేమేమన్నా కళ్లు మూసుకుంటామా? మొన్నొక అబ్బాయి గడగడా చెప్పుకుపోతున్నాడు, డేటాబేస్ స్పీడు పెంచానన్నాడు, సరే ఇండెక్స్ ఏ కాలమ్ మీద పెట్టావు బాబూ అన్నాను, అంతే, చీటీలో అది లేదు. ఇంకొకాయనకి ఫ్యాను గాలికి చీటీ ఎగిరొచ్చి కీబోర్డు మీద పడింది, ఇద్దరం నవ్వుకున్నాం కానీ ఉద్యోగం మాత్రం రాలేదు.

కొరిటెపాడు నుంచి:
బాబాయ్ గారూ, మీరు చెప్పింది వాక్యాలు రాసుకునేవాళ్ల గురించి. రెండేళ్ల కింద చేసిన ప్రాజెక్టులో రోజుకి ఎన్ని రికార్డులు వచ్చేవో నాకు నోటికి రాదు, అది రాసుకుంటే నా తెలివి తగ్గినట్టా? రేపు ఉద్యోగంలో చేరాక డాక్యుమెంట్లు తెరిచి పెట్టుకునేగా పని చేసేది. నేనైతే మొదట్లోనే "అంకెల కోసం ఒక కాగితం పెట్టుకున్నానండీ, చూడొచ్చా" అని అడిగేస్తాను, ఇప్పటిదాకా ఎవరూ వద్దనలేదు. ప్రశ్న వినగానే ఏఐ జవాబు రాసి చూపిస్తుంటే చదివేవాళ్లు వేరే జాతి, దాన్ని దీంతో కలపకండి.

గవర్నర్‌పేట బాబాయ్:
అడిగి చూస్తే నాకూ అభ్యంతరం లేదమ్మా. కానీ మెయిల్లో ఏ సాయమూ తీసుకోవద్దని రాసి ఉంటే మాత్రం అంకెల కాగితం కూడా తీసేయాల్సిందే. ఒక్క చీటీ మాత్రం తప్పనిసరి, దాని గురించి ఎవరూ మాట్లాడరేంటి? హెచ్ఆర్ ఫోన్ నంబరు కాగితం మీద రాసుకోండి. కరెంటు పోయి, నెట్ ఆగి, ల్యాప్‌టాప్ కూడా ఆరిపోతే ఆ నంబరు మెయిల్లో ఉండి ఏం లాభం? రౌటర్ ఇన్వర్టర్ లైన్లో ఉందో లేదో మెయిన్ ఆపి చూసుకో తమ్ముడూ. ఫోన్ హాట్‌స్పాట్ మీద కూడా ఒకసారి వీడియో కాల్ చేసి చూడు, డౌన్‌లోడ్ బాగుండి అప్‌లోడ్ పడుకుంటే నీకు వాళ్లు కనిపిస్తారు గానీ నువ్వు బొమ్మలా బిగుసుకుపోతావు.

కృష్ణలంక98:
అంటే చీటీ మంచిదే అని ఒప్పుకున్నట్టేగా బాబాయ్ 😄

బ్రాడీపేట కుర్రాడు:
రాత్రి అక్క పక్క గదిలోంచి వీడియోలో నన్ను ఇంటర్వ్యూ చేసింది. పాత ఉద్యోగం ఎందుకు మానేశావంటే నా కళ్లు వాటంతటవే చీటీ మీదకి పోయాయట. అదేం గుర్తులేకా నీకు అని నవ్వింది. వాక్యాలన్నీ పీకేశాను, అంకెలు ఒకటి, ఫోన్ నంబరు ఒకటి ఉంచాను. మెయిన్ ఆపి చూస్తే రౌటర్ కూడా ఆరిపోయింది, రేపు ఎలక్ట్రీషియన్ వస్తానన్నాడు.