డీ-అడిక్షన్ సెంటర్ల లిస్టులు పెట్టే సైట్లకి ఆ వివరాలు ఎక్కడి నుంచి వస్తాయి?

బెజవాడ_రవళి:
అందరికీ నమస్తే. మా బాబాయిగారికి తాగుడు బాగా ముదిరిపోయింది, ఇప్పుడు ఆయనంతట ఆయనే చేరతానంటున్నారు, ఈ మాట మీద ఉండగానే ఎక్కడో ఒక మంచి చోట చేర్పించాలని నెట్‌లో వెతుకుతున్నా. ఏ సైట్ తెరిచినా "విజయవాడలో టాప్ 10" అంటూ దాదాపు అవే పేర్లు. ఒకచోట 30 బెడ్లు అన్న సెంటర్‌కి ఇంకోచోట 100 బెడ్లు, పేర్లు వేరైన రెండు సెంటర్లకి అదే తెల్ల బిల్డింగ్, అదే పచ్చిక, గేటు పక్కన అదే కారు కూడా! ఒక సైట్‌లో నంబర్‌కి చేస్తే ఎత్తినావిడ ఎన్నేళ్ళుగా తాగుతున్నారు, ఫిట్స్ ఏమైనా వచ్చాయా అని ఒక్కటీ అడగలేదు, ఏ ఊరు, నెలకి ఎంత పెట్టగలరు అని అడిగి పెట్టేసింది. ఆ సాయంత్రం నుంచి నేను పేరు కూడా వినని సెంటర్ల వాళ్ళు వరసపెట్టి ఫోన్లు. అసలు ఈ లిస్టులు ఎవరు తయారు చేస్తారు, ఎవరైనా వెళ్ళి చూసి రాస్తారా?

కౌన్సిలర్_హనుమకొండ:
రవళి గారూ, నేను గవర్నమెంట్ గ్రాంట్‌తో ఒక ఎన్‌జీఓ నడిపే సెంటర్‌లో కౌన్సిలర్‌గా చేశాను, నాకు తెలిసింది చెప్తా. మీరు చూసినలాంటి సైట్లలో చాలావాటికి వెళ్ళి చూసే మనుషులెవరూ ఉండరండి. సెంటర్ వాళ్ళే ఫామ్ నింపి పంపుతారు, లేకపోతే మ్యాప్స్ నుంచో ఇంకో సైట్ నుంచో ఎత్తి పెట్టేస్తారు, అందుకే తప్పు కూడా అలాగే ఊరంతా తిరుగుతుంది. మీ నంబర్ అవతలి సెంటర్లకి "లీడ్" కింద, అంటే చేరే అవకాశమున్న కస్టమర్ వివరం కింద వెళ్ళిపోయినట్టుంది, ఆ ఫోన్లన్నీ అందుకే. పై వరసలో ఉన్నారంటే బాగా చూస్తారని కాదు, డబ్బు కట్టారని అయ్యుండొచ్చు.

గవర్నమెంట్ లిస్ట్ వేరే. కేంద్ర సామాజిక న్యాయ శాఖ వాళ్ళు గ్రాంట్ ఇచ్చే సెంటర్లని ఐఆర్‌సీఏ అంటారు, గవర్నమెంట్ ఆస్పత్రుల్లో పెట్టినవాటిని ఏటీఎఫ్ అంటారు. 2020 ఆగస్టు 15న నశా ముక్త్ భారత్ అని మత్తు అలవాట్లకి వ్యతిరేకంగా ఆ శాఖ ప్రచారం మొదలైంది కదా, ఆ సైట్‌లో ఇవి జిల్లాలవారీగా మ్యాప్ మీద ఉంటాయి, 14446కి ఫోన్ చేసినా చెప్తారు. గ్రాంట్ తీసుకుంటున్నారు కాబట్టి సెంటర్ ఉన్నట్టు కాయితం ఉంటుంది, ట్రీట్‌మెంట్ ఫ్రీ. కానీ అందులో ప్రైవేట్ సెంటర్లు రావు, ఇవాళ బెడ్ ఖాళీ ఉందో లేదో కూడా తెలీదు, అది ఫోన్ చేసే తెలుసుకోవాలి.

ప్రైవేట్‌కి వెళ్తే ఒక్కటి మాత్రం తప్పకుండా అడగండి. 2017 మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్ ప్రకారం తాగుడు, డ్రగ్స్ వల్ల వచ్చే సమస్యలు కూడా మానసిక అనారోగ్యం కిందకే వస్తాయి, అలాంటివాళ్ళని చేర్చుకుని ఉంచే సెంటర్ స్టేట్ మెంటల్ హెల్త్ అథారిటీ దగ్గర రిజిస్టర్ అవ్వాలి. ఆ సర్టిఫికెట్ ఫొటో వాట్సాప్‌లో పెట్టమనండి, అందులో పేరు, అడ్రస్ మీరు చేర్పించే బిల్డింగ్‌వేనా అని చూడండి. "ఐఎస్ఓ ఉందండి" అని ఇంకో కాయితం (సంస్థ నడిపే పద్ధతికి ఇచ్చే మామూలు సర్టిఫికెట్) పెడితే అది దీనికి బదులు కాదు.

ఒహాయో_శ్రీను:
ఇక్కడ అమెరికాలో నేను ఒక క్లినిక్ ఆఫీసులో పని చేస్తా, ఇక్కడి పద్ధతి చెప్తే మీకు పోల్చుకోడానికి పనికొస్తుందేమో. సామ్సా అనే ఫెడరల్ ఏజెన్సీ వాళ్ళది ఫైండ్‌ట్రీట్‌మెంట్ డాట్ గవ్ అని ఒక సైట్ ఉంది, 2019లో మొదలైంది. దాని వెనక ఏటా ఒక పెద్ద సర్వే ఉంటుంది, 2021 వరకు డ్రగ్స్-ఆల్కహాల్‌కి ఒకటి, మెంటల్ హెల్త్‌కి ఒకటి వేరు వేరుగా ఉండేవి, ఆ ఏడాది రెండూ కలిపేశారు. ఫామ్ నింపేది మాలాంటి ఆఫీసు వాళ్ళమే. డీటాక్స్ (ఒంట్లోంచి మత్తు దింపే మొదటి దశ) చేస్తారా, బ్యుప్రెనార్ఫిన్ (హెరాయిన్ లాంటి మత్తు మాన్పించడానికి వాడే మందు) ఇస్తారా, మెడికెయిడ్ (తక్కువ ఆదాయం వాళ్ళకి గవర్నమెంట్ బీమా) తీసుకుంటారా, ఏ భాషల్లో మాట్లాడతారు, ఇలా ఎక్కువగా అవును-కాదు టిక్కులే. స్టేట్ లైసెన్సో అనుమతో లాంటిది ఉంటేనే లిస్టులోకి వస్తారు, అది మంచి జల్లెడ. కానీ టిక్ పెట్టింది నిజంగా రోజూ జరుగుతుందా అని ఎవరూ వచ్చి చూడరు, స్టార్ రేటింగులేవీ ఉండవు, మీ ఇంటికి ఎంత దూరమో ఆ వరసలో చూపిస్తుంది. అంటే ఉందా లేదా వరకే ఆ లిస్ట్ చెప్తుంది, బాగుందా అన్నది చెప్పదు.

ప్రైవేట్ లిస్టుల గోల ఇక్కడా భయంకరంగానే నడిచింది, కష్టంలో ఉన్న మనిషి చేసిన ఫోన్ కాల్‌ని అమ్ముకోవడం కంటే ఘోరం ఉంటుందా. గూగుల్ 2017లో రిహాబ్ యాడ్స్ చాలావరకు ఆపేసి, మరుసటి ఏడాది బయటి సంస్థ సర్టిఫికెట్ ఉన్నవాళ్ళకే మళ్ళీ తెరిచింది. 2018లోనే పేషెంట్‌ని పంపినందుకు కమిషన్ తీసుకోవడం ఫెడరల్ నేరం చేశారు.

సుజాత_గుంటూరు:
"డీటాక్స్" అన్న మాట దగ్గర జాగ్రత్త రవళీ. మా ఇంట్లో ఈ బాధ పడ్డాం కాబట్టి చెప్తున్నా, ఏళ్ళతరబడి రోజూ తాగేవాళ్ళు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, మతి తప్పి ప్రాణం మీదకి రావచ్చు. లిస్టులో డీటాక్స్ అని రాసుంటే దాని అర్థం రాత్రి రెండింటికి డాక్టర్ వస్తాడనా, లేక గదిలో పెట్టి తాళం వేస్తారనా? ఫోన్‌లో అదే అడగండి, రాత్రి డ్యూటీ డాక్టర్ ఎవరు, సైకియాట్రిస్ట్ ఏ రోజుల్లో వస్తారు, అర్జెంట్ అయితే ఏ ఆస్పత్రికి తీసుకెళ్తారు అని. తడబడితే వదిలేయండి. అలాగే "మేమే బండి పంపి తీసుకెళ్తాం, మీరు సంతకం పెడితే చాలు" అనేవాళ్ళ జోలికి అసలు పోవద్దు, బాబాయిగారు ఇష్టంగా వస్తున్నారు కదా, ఆ ఇష్టం పాడవ్వకూడదు.

బెజవాడ_రవళి:
అందరికీ చాలా థాంక్సండి. సర్టిఫికెట్ అడిగితే ఇద్దరు పంపారు, ఒకరు "ముందు అడ్మిట్ చేయండి మేడమ్, తర్వాత చూపిస్తాం" అన్నారు, ఆ నంబర్ తీసేశా. పంపిన రెంటిలో ఒకదాని మీద "ప్రొవిజినల్" అని ఉంది, ఫర్వాలేదా?

కౌన్సిలర్_హనుమకొండ:
ప్రొవిజినల్ అంటే తాత్కాలికం, 12 నెలలకే చెల్లుతుంది. తేదీ చూడండి, దాటిపోతే రెన్యువల్ కాయితం అడగండి. ఆ రెండిట్లో ఏదైనా చేర్పించే ముందు మీరొక్కరే ఒకసారి వెళ్ళండి, చెప్పకుండా, భోజనాల టైముకి. ఈలోపు బాబాయిగారిని గవర్నమెంట్ జనరల్ హాస్పిటల్ సైకియాట్రీ ఓపీలో చూపించండి, తాగుడు ఆపడం డాక్టర్ చెప్పినట్టే మొదలుపెట్టించండి.