ఎన్నికల ఫలితం నిజంగా ఏం చెబుతుంది?

ప్రశ్న:
పదో తరగతికి సోషల్ చెబుతాను. ఫలితాలు వచ్చిన ప్రతిసారీ గెలిచినవాళ్లు "మా మేనిఫెస్టో మొత్తానికీ జనం ఒప్పుకున్నారు" అంటారు. ఒక్క ఓటుకి అంత అర్థం ఉంటుందా అని పిల్లలు అడిగారు. ఏం చెప్పమంటారు?

జవాబు 1:
ఉండదండీ. బ్రిటన్‌లో 2024లో లేబర్ పార్టీకి పడినవి దాదాపు 34 శాతం ఓట్లు, వచ్చినవి 650లో 411 సీట్లు. మిగతా ఓట్లన్నీ వేరేవాళ్లకు పడినట్టేగా?

జవాబు 2:
లెక్క నిజమే. అక్కడితో ఆపితే మాత్రం పిల్లలు ఓటుకి విలువే లేదనుకుంటారు. నేను కౌంటింగ్ డ్యూటీలు చేశాను. ఓటింగ్ యంత్రంలోని కంట్రోల్ యూనిట్ మీద రిజల్ట్ బటన్ నొక్కి, అంకెల్ని జాలీ అవతల కూర్చున్న అభ్యర్థుల ఏజెంట్లకు చూపిస్తాం. తమవాడు వెనకబడ్డాడని తెలిసిన ఏజెంటు కూడా అంకె సరిచూసుకుని, ఓట్ల లెక్క రాసే 17సీ ఫారం మీద సంతకం పెడతాడు. మొహం వాడిపోయి ఉంటుంది, అయినా పెడతాడు. మొత్తం ఎన్నికలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఆ సంతకమే.

ఎమర్జెన్సీలో ప్రతిపక్ష నాయకుల్ని జైల్లో పెట్టించిన ఇందిరా గాంధీ 1977లో రాయ్‌బరేలీలో రాజ్ నారాయణ్ చేతిలో ఓడి పదవి దిగారు. 1980లో జనమే ఆమెను మళ్లీ ప్రధానిని చేశారు. 1945లో బ్రిటన్ ప్రధాని చర్చిల్ సంగతీ అంతే. ఐరోపాలో యుద్ధం గెలిచిన రెండు నెలలకే ఎన్నికల్లో ఓడిపోయారు. యుద్ధం గెలిచిన దేశాల నాయకులు జర్మనీలో జరుపుతున్న పోట్స్‌డామ్ సమావేశం మధ్యలోంచి ఆయన ఇంటికి వెళ్తే, ఆ కుర్చీలో కూర్చోవడానికి కొత్త ప్రధాని అట్లీ వచ్చారు. మేనిఫెస్టోలో ప్రతి పేజీకీ జనం మార్కులు వేయరు. వీళ్లు ఉండాలా, దిగాలా అన్నది తేలుస్తారు. దిగమంటే దిగాల్సిందే, ఎంత పెద్ద నాయకుడైనా.

ప్రశ్న అడిగినవారు:
బాగుందండీ. మరి దిగకపోతే?

జవాబు 2:
మయన్మార్‌లో 1990లో అదే జరిగింది. ఆంగ్ సాన్ సూకీ పార్టీ 392 సీట్లు గెలిచింది. ఓట్లు లెక్కపెట్టారు, ఫలితమూ చెప్పారు. సైన్యం మాత్రం అధికారం అప్పగించలేదు. జనం తమ మాట చెప్పేశాక కూడా దాన్ని తుంగలో తొక్కారు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. పిల్లలకు ఇది తప్పకుండా చెప్పండి. వీలైతే క్లాస్ లీడర్ ఎన్నిక పెట్టి, చీటీలు లెక్కపెట్టే పని పోటీలో ఉన్న అందరి స్నేహితులకూ కలిపి అప్పగించండి.