కాఠ్మండు ఇంకా కోలుకుంటున్న సమయంలో యాత్రకు వెళ్లవచ్చా?

కృష్ణాతీరం (మార్చి 2016):

అమ్మానాన్నలకు పశుపతినాథుని దర్శనం చేయించాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాం. నిరుడు వేసవిలో బయలుదేరుదామని విమాన టికెట్ల ధరలు చూసుకుంటున్న రోజుల్లోనే, ఏప్రిల్ 25న, అక్కడ భూకంపం వచ్చింది. ఆ తరువాత సెప్టెంబరు నుంచి భారత్-నేపాల్ సరిహద్దులో లారీలు నిలిచిపోయి, పెట్రోలుకూ వంటగ్యాసుకూ జనం నానా అవస్థలు పడుతున్నారని పత్రికల్లో చదివి మళ్లీ ఊరుకున్నాం. ఇప్పుడు రాకపోకలు మొదలయ్యాయని, మొన్నటి శివరాత్రికి భక్తులు బాగానే వచ్చారని విన్నాం. నా సందేహం భద్రత గురించి మాత్రమే కాదు. ఇల్లు పోయి రేకుల షెడ్డులో కాపురం చేస్తున్నవాళ్ల ముందు మనం కెమెరా మెడలో వేసుకుని తిరగడం సబబేనా? ఆ లోయలోనే ఉన్న పాత నగరాలు పాటన్, భక్తపూర్ కూడా చూడాలని ఉంది కానీ, కూలిన గుళ్లు చూడటానికి టికెట్ కొనడమేమిటని నాన్నగారు అంటున్నారు. అక్కడి పరిస్థితి తెలిసినవారు చెప్పగలరు.

మధుమాలతి:

ఇంకొక ఏడాది ఆగడమే మంచిదని నా అభిప్రాయం. చిన్నాపెద్దా ప్రకంపనలు ఇంకా వస్తూనే ఉన్నాయి, కరెంటు గంటల తరబడి ఉండదు, పెద్దవాళ్లతో వెళ్తే వేడినీళ్ల దగ్గర నుంచి అన్నీ ఇబ్బందే. పైగా మనం వాడే ప్రతి బిందెడు నీళ్లూ, ప్రతి సిలిండరూ అక్కడివారి వాటాలోనివే కదా. దేవుడు ఎక్కడికీ పోడు.

పాటన్ నివాసి:

మధుమాలతి గారి మాటలో దయ ఉంది, కాదనను. కానీ ఉద్యోగరీత్యా ఇక్కడ ఉంటున్నవాడిగా ఆ సలహాతో ఏకీభవించలేను. సగం నింపిన గ్యాసు సిలిండరు కోసం వరుసలో నిలబడి, అదీ దొరకనప్పుడు మేడమీద కట్టెల పొయ్యి వెలిగించుకున్న శీతాకాలంలో మీరు రాకపోవడం సరైనదే. ఇప్పుడు రాకపోవడం సరైనది కాదు. యాత్రికులు రాక గదులు ఖాళీగా ఉన్న హోటళ్లలో వంటవాళ్లూ, గదులు ఊడ్చేవాళ్లూ, టాక్సీ నడిపేవాళ్లూ చాలామంది, కూలిన ఇళ్లున్న పల్లెల నుంచి వచ్చినవారే. ప్రభుత్వం ఇస్తానన్న రెండు లక్షల నేపాలీ రూపాయల ఇంటి సాయానికి పునర్నిర్మాణ ప్రాధికార సంస్థ ఈ జనవరిలోనే పని మొదలుపెట్టింది. అది చేతికందేవరకు ఆ కుటుంబాలకు ఆధారం ఈ జీతాలే. నీళ్ల కొరతంటారా, అది భూకంపానికి ఎంతో ముందు నుంచీ ఈ ఊళ్లో ఉన్నదే.

భద్రత విషయంలో ఊరంతా ఒకటే అనుకోకండి. యాత్రికులు ఎక్కువగా దిగే తమేల్ వైపు హోటళ్లు చాలావరకు నిలబడ్డాయి; కొత్త బస్టాండు దగ్గరి గోంగబూలో మాత్రం అంతస్తుల మీద అంతస్తులు లేపిన లాడ్జీలు కుప్పకూలాయి. భూకంపం తరువాత ఇంజినీర్లు తనిఖీ చేసి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు స్టిక్కర్లు అంటించారు. గది తీసుకునే ముందు మీ భవనానికి ఏ రంగు వచ్చిందో మొహమాటపడకుండా అడగండి, ఇక్కడ ఎవరూ తప్పుగా అనుకోరు. పెద్దవాళ్లకు కింది అంతస్తులోనే గది తీసుకోండి. కరెంటు కోత వేళలు ముందుగానే ప్రకటిస్తారు కాబట్టి వేడినీళ్లు ఎప్పుడు వస్తాయో హోటలువారే చెబుతారు.

పశుపతి ప్రధానాలయం చెక్కుచెదరలేదు, చుట్టుపక్కల కొన్ని చిన్న గుళ్లూ సత్రాలూ దెబ్బతిన్నాయి. అర్చకస్వాములైన భట్టులు కర్ణాటక నుంచి వచ్చినవారు కనుక పూజావిధానం అమ్మగారికి కొత్తగా అనిపించదు. కిందనే బాగమతి ఒడ్డున ఆర్యఘాట్ ఉంది. నిరుడు ఆ రోజుల్లో అక్కడ చితులు రాత్రింబవళ్లు ఆరలేదు. దహనాలు ఇప్పటికీ ప్రతిరోజూ జరిగేవే కాబట్టి కెమెరా సంచిలోనే ఉంచండి. మరొక్క మాట: సరిహద్దు మూసివేత మన దేశం పనేనని ఇక్కడ చాలామందికి కోపం ఉంది. వాళ్లే కదిపితే వినండి, వాదనకు దిగవద్దు. యాత్రికుల మీద ఆ కోపం చూపించడం నేనెక్కడా చూడలేదు.

గోడలూ గుడులూ:

భవనాల మరమ్మతు నా వృత్తి, నాన్నగారి అభ్యంతరానికే జవాబిస్తాను. భక్తపూర్‌లో ఆ టికెట్ డబ్బు వసూలు చేసేది అక్కడి పురపాలక సంఘం. వీధులూ గుళ్లూ బాగు చేయవలసిందీ ఆ సంఘమే. సార్క్ దేశాలవారికి రుసుము తక్కువ కూడా. అక్కడ చూడవలసింది శిథిలాలను మాత్రమే కాదు. వత్సలా దేవి గుడి నేలమట్టమైంది, కానీ అక్కడికి దగ్గరలోనే ఉన్న 1702 నాటి అయిదంతస్తుల న్యాతపోల గుడి 1934లోనూ, నిరుడూ రెండు పెద్ద భూకంపాలను తట్టుకుని నిలబడింది. కాఠ్మండు లోయ ఒకప్పటి సరస్సు అడుగు. ఆ మెత్తని మట్టిలో నేల ఈసారి నాలుగైదు సెకన్లకొక ఊపు చొప్పున నిదానంగా ఊగింది. పొట్టి ఇళ్లను ఎక్కువగా దెబ్బతీసేది వేగంగా వచ్చే ఊపులే కనుక, వాటికి భయపడినంత నష్టం జరగకపోవడానికి అదొక ముఖ్య కారణం. ఆ రోజు శనివారం, బడులకు సెలవు కావడం మరో అదృష్టం. మట్టి అడుసుతో కట్టిన పాత గోడలే, అందులోనూ ఏళ్ల తరబడి వాన నీరు దిగి దూలాల చివరలు కుళ్లినవే, ఎక్కువగా కూలాయి.

పాటన్‌లో చార్ నారాయణ, హరిశంకర ఆలయాలు పడిపోయిన రోజున స్థానికులూ, సైనికులూ కలిసి చెక్కడపు కొయ్యలను ఒక్కొక్కటిగా రాజప్రాసాదం లోపలికి చేర్చారు, అందుకే అవి దొంగల పాలు కాలేదు. ఇప్పుడు వాటిని ఏ ద్వారానిది ఏ ముక్కో పోల్చుకుంటూ జత చేస్తున్నారు. భక్తపూర్ సందుల్లో వాలిన గోడలకు కొయ్య ఊతాలు పెట్టి, పాత ఇటుకలకు అంటిన మట్టిని చిన్న ఇనుప పలకతో గీకి మళ్లీ కట్టుబడికి పేరుస్తున్న ఆడవాళ్లు కనిపిస్తారు. వాళ్లను ఫోటో తీయవలసిన పని లేదు. పక్క దుకాణంలో మట్టి పాత్రలో తోడుపెట్టిన జూజూ ధౌ పెరుగు కొనుక్కుని తినండి. ఊతాలున్న గోడ పక్కన మాత్రం నిలబడకండి.

కృష్ణాతీరం:

నాన్నగారికి ఇదంతా చదివి వినిపించాను, బయలుదేరడానికే మొగ్గుతున్నారు. వచ్చేటప్పుడు దుప్పట్లూ, పాత బట్టలూ తీసుకురమ్మంటారా? అమ్మకు పాస్‌పోర్టు లేదు, వయసు డెబ్బై దాటింది.

పాటన్ నివాసి:

పాత బట్టలు వద్దు, నిరుడు వచ్చిన మూటలే ఇంకా కొన్ని చోట్ల విప్పకుండా ఉన్నాయి. దుప్పటి ఇవ్వాలనుకుంటే అసన్ బజారులో కొని ఇవ్వండి, దుకాణదారుకూ బేరం అవుతుంది. పాస్‌పోర్టు లేకపోతే ఓటరు గుర్తింపు కార్డు చాలు. అరవై అయిదు దాటినవారికి వయసు, ఫోటో ఉన్న వేరే గుర్తింపు పత్రమైనా ఒప్పుకుంటారు. అయినా టికెట్ కొనే ముందు విమాన సంస్థను ఒకసారి అడిగి నిర్ధారించుకోండి.