బండి మీద కాయక్ ఉంటే డిక్కీ కూడా తెరవాలా? (మొంటానా)

ప్రశ్న (రెడ్‌మండ్ నుంచి):
మొన్న లాంగ్ వీకెండ్‌కి గ్లేసియర్ నేషనల్ పార్క్ వెళ్ళాం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, బండి పైన రెండు కాయక్‌లు (తెడ్డుతో నడిపే చిన్న పడవలు). మొంటానాలో రోడ్డు పక్కన పడవలన్నీ తనిఖీకి ఆగాలని బోర్డు కనిపించింది. ట్రైలరూ మోటారూ ఉన్నవాళ్ళకేమోలే అనుకుని దాటేశాను. పది నిమిషాల్లో వెనక లైట్లు.

ఆఫీసరు మర్యాదగానే మాట్లాడాడు. కాయక్ సీటు కింద వేలు పెట్టి చూస్తే గుక్కెడు నీళ్ళున్నాయి. తర్వాత డిక్కీలో కూలర్ చూపించి "తెరిచి చూడొచ్చా?" అన్నాడు. నేను నోరు మెదిపేలోపే మా ఆవిడ మూత తీసేసింది. పులిహోర, పెరుగన్నం, ఆవకాయ సీసా. ఆయన ఆవకాయ వంక కాసేపు అలాగే చూసి మూత పెట్టేశాడు. వార్నింగిచ్చి, వెనక్కెళ్ళి పడవల తనిఖీ స్టేషన్లో చూపించుకుని రమ్మన్నాడు.

కూలర్ చూపించనని అనొచ్చా? హెచ్‌1బీ వాణ్ణి, రోడ్డు మీద వాదన అంటే భయం.

జవాబు (స్పొకేన్ బాబాయ్):
లాయర్ని కాను నాన్నా, చేపలు పట్టేవాణ్ణి. ముందు నీ తప్పు ఒప్పుకో. అక్కడ కాయక్, కనూ, తెప్ప, అన్నీ పడవలే, అన్నీ ఆగాల్సిందే. 2016లో అక్కడి టైబర్ రిజర్వాయర్లో మస్సెల్ (పడవలతో పాటు ఒక లేకు నుంచి ఇంకో లేకుకి పాకి పాడుచేసే ఆల్చిప్ప) లార్వా బయటపడింది. మరుసటేడు గ్లేసియర్లో బయటివాళ్ళ మోటారు పడవలు బంద్ చేశారు. ఆ ఆల్చిప్ప పిల్లలు కంటికి ఆనవు. నీ సీటు కింద గుక్కెడు నీళ్ళు చాలు వాటికి.

స్టేషన్లో ఉండే పిల్లలు పోలీసులు కారు, వెంటపడరు. నువ్వు ఆగకుండా పోతే వార్డెన్‌కి (వేట, చేపల చట్టాలు చూసే ఆఫీసరుకి) కబురు పెడతారు.

ఇక కూలర్. వాళ్ళు వెతికేది నీళ్ళు తగిలినవాటిని: పడవ అడుగు, లంగరు, తాడు, లైఫ్‌జాకెట్లు, ఎర బకెట్టు. మీ పులిహోర లేకులో దిగలేదు కదా! "చూడొచ్చా" అనడం అడగడమే. "వద్దండీ" అని మెల్లగా అనొచ్చు, అది నేరం కాదు. మీ ఆవిడ తీశాక మాత్రం ఒప్పుకున్నట్టే లెక్క. అడుగుతున్నాడో ఆర్డరేస్తున్నాడో తెలియకపోతే ఆ మాటే అడుగు. ఆర్డరంటే అక్కడ పెనుగులాడకు. అబద్ధం అసలే చెప్పకు.

చేపలు పట్టుంటే కథ వేరు. పట్టిన చేపల్ని చూపించమనే అధికారం వార్డెన్‌కి ఉంది.

జవాబు (డాలస్ నుంచి):
అనుమానం లేకుండా దారిన పోయే బండిని ఆపకూడదని 1979లో సుప్రీంకోర్టు అంది కదా? డెలావేర్ వర్సెస్ ప్రౌజ్.

స్పొకేన్ బాబాయ్:
అది ఊరికే ఒక్క బండిని ఏరి ఆపడం గురించి. ఇతను నెత్తిమీద రెండు పడవలు పెట్టుకుని బోర్డు దాటాడు. ఇంతకంటే అనుమానం ఏం కావాలి?

ప్రశ్న అడిగినవారు:
థ్యాంక్స్ బాబాయ్. తిరుగు ప్రయాణంలో స్పొకేన్ దగ్గర స్టేషన్ కనిపించగానే బుద్ధిగా ఆగాను. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు, డబ్బులేం అడగలేదు. ఆ అమ్మాయి కూలర్ వంక కూడా చూడలేదు. మావాడే ఆగలేక "అందులో పికిల్ ఉంది" అని చెప్పేశాడు.