సమస్య: "రాయి నీరు తాగె రాత్రియంత"

వంటింట్లో గ్రానైట్ గట్టు వేయించి వారం కాలేదు. లేత బూడిద రంగు రాయి. రాత్రి తడి గిన్నె బోర్లించి పడుకున్నా, పొద్దున తీస్తే గిన్నె అంచంత గుండ్రంగా నల్లటి చార, ఎంత తుడిచినా పోదు, మధ్యాహ్నానికి దానంతటదే ఆరిపోయింది. మా ఆవిడకి టెన్షన్, నాకు సమస్య. ఆటవెలది నాలుగో పాదం ఇచ్చా, పై మూడూ మీరు పూరించండి, కానివ్వండి.

గుంటూరు పిన్ని

కొత్త గట్టు మీద కుండ పెట్టితి నేను
తెల్లవారి చూడ తేలె మచ్చ
పూత వేయ మరచి పోయినారో యేమొ
రాయి నీరు తాగె రాత్రియంత

ఛందస్సు మామ: గణాలు కుదిరాయమ్మా, కొ-కుం, పూ-పో యతులూ సరే. విషయమూ నిజమే, నాలుగు చుక్కల నీళ్లు వేసి పావుగంట ఆగు, కింద రంగు ముదిరితే సీలర్, అదే నీరు ఇంకకుండా వేసే పూత, పడలేదన్నమాట. కాకపోతే ఉన్నది ఉన్నట్టు చెప్పేశావు, చమత్కారం ఏదీ?

కొత్త చెయ్యి

నల్లరాయి యనుచు నమ్మి కొంటిని నేను
గుడ్డ తడిపి తుడువ రంగు వచ్చె
రంగు పోయినట్టి రంధ్రాల నుండియే
రాయి నీరు తాగె రాత్రియంత

ఛందస్సు మామ: రెండో పాదంలో గు-కి రం-తో యతి ఎక్కడయ్యా? "గుడ్డ తడిపి తుడువ గుట్టు తెలిసె" అను, సరిపోతుంది.

ఒంగోలు అన్న: తడపడం నీళ్లతో అయితే ఒప్పుకోను. రంగేసిన రాయి నీళ్లగుడ్డకి లొంగదు, థిన్నర్‌లో ముంచిన తెల్లగుడ్డతో రుద్దాలి. ఊహ మాత్రం బాగుంది తమ్ముడూ. మా చీమకుర్తి గెలాక్సీ నల్లరాయి పేరుకే గ్రానైట్, జాతికి గాబ్రో అనే వేరే రాయి, రాత్రంతా తడిలో ఉన్నా అది తాగేది బహు తక్కువ. కాబట్టి నల్లరాయి గటగటా తాగిందంటే అనుమానించాల్సిందే.

ఒంగోలు అన్న (నాదీ ఒకటి)

మట్టసమ్ము లేక మధ్య గుంట పడియె
నీరు నిలిచె చూడు నిండు కుంట
మేస్త్రి పనికి రాడు మిత్రమా వాడు సా
రాయి నీరు తాగె రాత్రియంత

గుంటూరు పిన్ని: అయ్యబాబోయ్, సారాయి!

ఛందస్సు మామ: అదీ పూరణంటే. "సా" ఒక్కటి పై పాదం చివర తగిలించి రాయిని సారాయి చేసేశాడు, "పనికి రాడు" కూడా రెండు రకాలుగా పలుకుతోంది. ఈ విడతకి ఇదే. గట్టు సంగతికొస్తే, అతుకు మీద గోరు నడిపి చూడు నాయనా, ఎత్తుపల్లాలుంటే గోటికి తగులుతుంది. రాతిలో సన్నగీత కనిపించినా అంతే, గోరు జారిపోతే రాతికి పుట్టుకతో ఉన్న చార, పట్టుకుంటే పగులు.

సమస్య ఇచ్చినవాణ్ణి: గోరు ఎక్కడా పట్టలేదు మామా. అన్న పద్యం చదివి రసమట్టం పెట్టా, బుడగ సింకు వైపు పరిగెత్తింది. అంటే సింకు దగ్గరే ఎత్తు, కడిగిన నీళ్లన్నీ గోడ మూలకి! మేస్త్రికి మూడుసార్లు ఫోన్ చేశా. ఎత్తట్లేదు.