విజయవాడ–గుంటూరు మధ్య అరగంటకో మెము: టైంటేబుల్ వేయడం తెలిసినవాళ్లు సాయం చేయండి

అందరికీ నమస్కారం. ఉన్న లైను మీదే ఉదయం, సాయంత్రం అరగంటకో మెము (కరెంటుతో నడిచే లోకల్ రైలు) నడపమని రైల్వేకి వినతిపత్రం రాస్తున్నాం. దూరం 30 కిలోమీటర్ల పైచిలుకే. కరెంటు లైను, రెండు ట్రాకులు ఉన్నాయి. మంగళగిరి, నంబూరు, పెదకాకానిల్లో ఎక్కేవాళ్లకు కొదవ లేదు.

చిక్కల్లా విజయవాడ వైపే. తెనాలి లైను, గుంటూరు లైను కృష్ణా కెనాల్ స్టేషన్ దగ్గర కలుస్తాయి. అక్కణ్నుంచి చెన్నై ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్సులు అన్నిటికీ కృష్ణ వంతెనలే దిక్కు. ప్లాట్‌ఫారం ఖాళీ అయ్యేదాకా బండిని బయట ఆపేస్తే ప్రకాశం బ్యారేజీని చూస్తూ కూర్చోవడమే.

మెముకి రెండు చివర్లా డ్రైవర్ క్యాబిన్ ఉంటుంది, ఇంజను మార్చే పని లేదు. అయినా తిరుగు ప్రయాణానికి ప్లాట్‌ఫారం మీద ఎన్ని నిమిషాలు పెట్టుకోవాలి? కొన్ని బండ్లను కృష్ణా కెనాల్ నుంచే వెనక్కి తిప్పొచ్చా? (బెజవాడ దాకా రాని బండి ఎవరికి కావాలని నా వాదన, మావాళ్లు వినట్లేదు.) విజయవాడ, గుంటూరు వేర్వేరు రైల్వే డివిజన్లు కదా, వినతి ముందు ఎవరికివ్వాలి?

రిటైరైన రైల్వే కంట్రోలర్లు (బండ్ల రాకపోకలు చూసేవాళ్లు), గార్డులు ఎవరైనా ఉంటే మా చిత్తుప్రతి ఒక్కసారి చూడగలరా? గూడ్సులకు మధ్యలో ఎంత ఖాళీ వదలాలో తేలక అక్కడే ఆగిపోయాం.